1969 మస్టాంగ్‌కి ఏ డిఫరెన్షియల్? ట్రూట్రాక్, ట్రాక్షన్-లాక్, డెట్రాయిట్ లాకర్ మీద సమీక్ష

డిఫరెన్షియల్ అంటే ఇంజన్ బలాన్ని వెనక చక్రాలు రెండిటికీ పంచి, మలుపులో అవి వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల ముద్ద. మామూలుదైతే ఒక చక్రం జారగానే బండి కదలదు; పై మూడూ దాన్ని అరికట్టే రకాలు. తీర్పు ముందే చెప్పేస్తే: ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్ (లోపలి పెద్ద గేరు, అంటే క్రౌన్ వీల్, వ్యాసం అది) ఉన్న 1969, 70 మస్టాంగ్‌ని మామూలు టైర్లతో రోడ్డు మీదే నడిపేవాళ్లకి ఈటన్ వారి డెట్రాయిట్ ట్రూట్రాక్ సరైనది. స్లిక్ టైర్లు (గాడులు లేని రేసు టైర్లు) వేసి డ్రాగ్ స్ట్రిప్‌కి (తిన్నటి రేసు దారికి) వెళ్లే బండికి అది వద్దు. ఇంజన్ ఎన్ని గుర్రాలదన్నది చాలామంది మొదట అడిగే ప్రశ్న. నిజానికి తేల్చేది టైరు, బండి తిరిగే చోటు.

కొనే ముందు మీ బండి కింద ఉన్నది 9 అంగుళాలదో 8 అంగుళాలదో చూసుకోండి. రెండిటికీ డిఫరెన్షియల్ ముద్ద ముందు నుంచే ఊడుతుంది, దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. అడుగున ఉన్న రెండు నట్లకి సాకెట్ నేరుగా ఎక్కితే 8, ఎక్కక స్పానర్ పట్టాల్సి వస్తే 9. బోల్టుకి వేలాడే రేకు బిళ్ల మీద 3L50 అన్నట్టు నడుమ L ఉంటే 3.50 రేషియో (చక్రం ఒక చుట్టుకి డ్రైవ్ షాఫ్ట్ 3.50 చుట్లు), లిమిటెడ్ స్లిప్‌తో (చక్రం జారడాన్ని అదుపు చేసే డిఫరెన్షియల్‌తో) ఫ్యాక్టరీ నుంచి వచ్చిందని అర్థం. డోర్ ప్లేటులో యాక్సిల్ కోడ్ V ఉంటే 3.91 ట్రాక్షన్-లాక్, W అయితే 4.30 డెట్రాయిట్ లాకర్; డ్రాగ్ ప్యాక్‌తో (డ్రాగ్ రేసుల కోసం ఫోర్డ్ ఇచ్చిన ఆప్షన్) వచ్చినవి ఈ రెండే. యాభై ఏళ్లలో లోపలి సరుకు ఎన్నిసార్లు మారిందో ప్లేటుకి తెలియదు కాబట్టి విప్పి చూడక తప్పదు.

తర్వాత స్ప్లైన్లు, అంటే డిఫరెన్షియల్లోకి దిగే యాక్సిల్ చివరి పళ్లు. డ్రమ్ము తీసి, యాక్సిల్ ఫ్లాంజిలోని రంధ్రం గుండా నాలుగు నట్లు విప్పితే యాక్సిల్ బయటికొస్తుంది. చివరి పళ్లు 28 ఉంటాయి, లేదా 31. ట్రూట్రాక్ రెండిటికీ దొరుకుతుంది. 428 కోబ్రా జెట్ లాంటి బలమైన ఇంజన్ ఉన్నా, గేర్లు గట్టిగా వేసే అలవాటున్నా 31కి మారడం మంచిది. అప్పుడు యాక్సిళ్లు కూడా కొత్తవి కొనాలి, ఖర్చు అక్కడే పెరుగుతుంది. ఎక్కువమంది బోల్తా పడేది బేరింగుల దగ్గర. హౌసింగ్ రంధ్రం 2.89 అంగుళాలైతే LM102949 నంబరు బేరింగు, 3.06 అయితే LM603049 కావాలి. రెండూ 31 స్ప్లైన్ కేసు (డిఫరెన్షియల్ గేర్లుండే పెట్టె) మీద కూర్చుంటాయి, బయటి కొలతే వేరు. కాలిపర్‌తో కొలవకుండా ఆర్డర్ పెడితే పని సగంలో ఆగిపోతుంది.

ట్రూట్రాక్‌లో క్లచ్ ప్లేట్లు లేవు. ఏటవాలు పళ్ల గేర్లు, ఒక చక్రం జారబోగానే కేసుకి ఒత్తుకుని, పట్టున్న చక్రానికి ఎక్కువ బలం పంపుతాయి. శబ్దం లేదు, అరిగే ప్లేట్లు లేవు, మలుపులో స్టీరింగ్ మీద లాగుడు లేదు. 80W-90 మినరల్ GL-5 గేర్ ఆయిల్ చాలు. ఫ్రిక్షన్ మాడిఫయర్ (ఒరిపిడి తగ్గించే రసాయనం) పోయకూడదు, పోస్తే గేర్లు కేసుకి ఒత్తుకునే ఆ ఒరిపిడే తగ్గిపోతుంది. లోపం కూడా ఇక్కడే ఉంది: జారే చక్రానికి ఎంత పట్టు ఉంటే దానికి కొన్ని రెట్లు అవతలికి పంపుతుంది, సున్నాని ఎన్ని రెట్లు చేసినా సున్నానే. ఒక చక్రం గాలిలోనో మంచు మీదో ఉంటే దాదాపు మామూలు డిఫరెన్షియల్‌తో సమానం. బ్రేకు కొద్దిగా తొక్కి పట్టి కదిలించాలి. స్లిక్‌లతో చక్రాలు ఎగిరెగిరి నేలకి తగులుతుంటే ఆ దెబ్బలకి గేర్లు విరిగే ప్రమాదం ఉంది. థార్‌లో వచ్చే ఈటన్ లాకింగ్ డిఫరెన్షియల్‌తో దీన్ని పోల్చుకోవద్దు. అది వేగాల తేడా చూసి పూర్తిగా లాక్ అవుతుంది.

పాత ట్రాక్షన్-లాక్ (క్లచ్ ప్లేట్లతో పనిచేసే ఫోర్డ్ రకం) ఉన్నవాళ్లు తొందరపడి పారేయనక్కర్లేదు. కొత్త క్లచ్ ప్లేట్లు వేయించడమే అన్నిటికన్నా చౌక, ఒరిజినల్ భాగాలు కావాలనుకునే బండికి అదే తగినది. ఇరుకు మలుపులో గడగడమంటే విప్పకముందు ఆయిల్ మార్చి 4 ఔన్సుల మాడిఫయర్ పోసి, ఖాళీ స్థలంలో నెమ్మదిగా ఎనిమిది అంకె ఆకారంలో పదీ పన్నెండు చుట్లు తిప్పండి. చాలా గడగడలు అక్కడే పోతాయి. మాడిఫయర్ మోతాదు మించితే ప్లేట్లు పట్టు వదిలేస్తాయి.

రెండు చక్రాల్నీ కలిపి పట్టి ఉంచే డెట్రాయిట్ లాకర్ బలంలో మొనగాడు, రోడ్డు మీద మాత్రం మొండిది. మలుపులో బయటి చక్రం విడిపోయి తిరుగుతుంది, మళ్లీ పట్టుకునేటప్పుడు టక్కుమంటుంది. 108 అంగుళాల వీల్‌బేస్ బండిలో, అందులోనూ మాన్యువల్ గేర్లతో, యాక్సిలరేటర్ వదిలిన ప్రతిసారీ తోక పక్కకి జరిగినట్టు తెలుస్తుంది. వానలో ఇది సరదా కాదు. వెనక టైర్లు రెండూ ఒకే వ్యాసం ఉండాలి, గాలి సమానంగా కొట్టాలి.

బిగింపులో 9 అంగుళాలదానికో సుఖం ఉంది: పినియన్‌ని (క్రౌన్ వీల్‌ని తిప్పే చిన్న గేరుని) కదపనంతవరకు షిమ్‌ల (సర్దుబాటుకి వేసే పలచటి రేకుల) గొడవ లేదు, పక్కల మరలున్న నట్లు తిప్పి క్రౌన్ వీల్ బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య సందు) 0.008 నుంచి 0.012 అంగుళాలకి తెచ్చుకోవచ్చు. రంగు పూసి పళ్ల అచ్చు చూడండి. క్రౌన్ బోల్టులకి ఎర్ర థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) తప్పనిసరి. ముద్ద బిగించే నట్ల కింద రాగి వాషర్లు వదిలేస్తే స్టడ్ల వెంట ఆయిల్ కారుతుంది. కొత్త క్రౌన్-పినియన్ కూడా వేసి ఉంటే మొదట 15, 20 మైళ్లు మెల్లగా నడిపి పూర్తిగా చల్లారనివ్వాలి, 500 మైళ్లకి ఆయిల్ మార్చాలి. వీటిలో ఏది ఉన్నా సరే, ఒక్క చక్రమే జాకీ మీద ఎత్తి ఇంజన్ గేర్లో పెట్టకండి: నేల మీదున్న చక్రం బండిని జాకీ మీంచి లాగేస్తుంది.