రన్‌వే నుంచి బయటపడే దారి: నీలం అంచు దీపాలు మేలా, ఆకుపచ్చ నడిగీత దీపాలు మేలా?

దిగిన విమానం రన్‌వేను ఎంత త్వరగా ఖాళీ చేస్తే వెనుక వచ్చే విమానానికి అంత క్షేమం. రాత్రివేళ, పొగమంచులో ఏ మలుపు వద్ద తిరగాలో పైలట్‌కు చూపవలసినవి దీపాలే.

టాక్సీవే, అంటే రన్‌వేకూ విమానాలు ఆగే చోటుకూ మధ్య అవి నడిచే దారి, అంచుల వెంట నిలిపే నీలం దీపాలకు ఖర్చు తక్కువ, నేలను తొలచనక్కరలేదు. కొద్దిపాటి విమానాలు దిగే, ఒకటి రెండు మలుపులే ఉన్న విమానాశ్రయానికి ఇవి చాలు. కానీ అవి హద్దును చూపుతాయే తప్ప దారిని చూపవు. నాలుగైదు టాక్సీవేలు కలిసే చోట కాక్‌పిట్ నుంచి చూస్తే నీలి చుక్కలన్నీ కలగలిసిపోయి, వాటి మధ్య ఉన్నది దారో గడ్డినేలో పోల్చుకోవడం కష్టమవుతుంది.

నడిగీత దీపాలు నేలలో పొదిగి ఉంటాయి. చక్రాలు వాటి మీదుగానే పోతాయి కనుక గాజుపై రబ్బరు మసి పేరుకుంటుంది. శుభ్రం చేయాలంటే రన్‌వేను కొంతసేపు మూయాలి. అయినా నా ఓటు వీటికే. ఇవి రన్‌వే నడిగీత పక్కనే మొదలై మలుపు వెంట వంపు తిరుగుతాయి. ముక్కు చక్రాన్ని ఆ వరుస వెంట నడిపిస్తే చాలు. మొదట ఒకటి ఆకుపచ్చగా, ఒకటి పసుపుగా వెలుగుతాయి. పసుపు కనిపిస్తున్నంతవరకు రన్‌వే రక్షిత ప్రాంతాన్ని ఇంకా దాటలేదని అర్థం.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో, పొగమంచులో రన్‌వే మీదుగా వెళ్తున్న పాన్ యామ్ విమానం, తాను తప్పుకోవలసిన మూడో మలుపును దాటిపోయింది. ఆ రోజు రన్‌వే నడిగీత దీపాలు పనిచేయడం లేదు. కేఎల్ఎం విమానం అనుమతి లేకుండా టేకాఫ్‌కు పరుగెత్తి దాన్ని ఢీకొట్టడమే ప్రమాదానికి ప్రధాన కారణమైనా, 583 మంది చనిపోయిన ఆ ఘటనను తలచుకున్నప్పుడల్లా మలుపు స్పష్టంగా కనిపించి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

రన్‌వే నుంచి వేగంగా బయటపడేలా ఐమూలగా వేసిన మలుపులకు మరో ఏర్పాటు ఉంది: మలుపుకు 300 మీటర్ల ముందు మూడు, 200 వద్ద రెండు, 100 వద్ద ఒకటి చొప్పున పసుపు దీపాలు. అటువంటి మలుపును తడి నేలపై కూడా గంటకు 93 కిలోమీటర్ల వేగంతో తిరిగేలా రూపొందిస్తారు. ఆ వేగంలో చివరి వంద మీటర్లు నాలుగు సెకన్లలోపే గడిచిపోతాయి కనుక ఈ లెక్క పైలట్‌కు ఎంతో విలువైనది. అయితే మూడింటిలో ఒకటి మాడితే అది రెండుగా కనిపించి, మలుపు వంద మీటర్లు దగ్గరైనట్టు భ్రమ కలిగిస్తుంది. అందుకే వరుస పూర్తిగా వెలగకపోతే మొత్తం ఆర్పివేయాలి. అంత శ్రద్ధగా చూసుకోగల సిబ్బంది లేనిచోట ముందుగా నడిగీత దీపాలకే డబ్బు కేటాయించడం మంచిది.