అలంపూర్‌లో గైడును పెట్టుకుని నవబ్రహ్మ గుళ్లు నడిచి చూశాం

మాది మహబూబ్‌నగర్. అలంపూర్ మాకు కొత్త ఊరు కాదు, చిన్నప్పటి నుంచి పదిసార్లయినా పోయి ఉంటాం. కానీ పోయిన ప్రతిసారీ చౌరస్తా దగ్గర హైవే దిగడం, జోగులాంబ అమ్మవారి దర్శనం, బాలబ్రహ్మేశ్వరుడికి ఒక కొబ్బరికాయ, మళ్లీ ఇంటిదారి, అంతే. చుట్టూ ఉన్న మిగతా గుళ్ల ముందు నిలబడి ఫోటోలు దిగామే తప్ప లోపలికి తొంగి చూసింది లేదు. ఈసారి అమ్మ, నా భార్య, ఏడో తరగతి చదివే మా బాబుతో వెళ్తూ, తెలిసినవాళ్ల ద్వారా ముందే ఒక గైడును మాట్లాడుకున్నాం. మూడు గంటలకు ఎనిమిది వందలు. మూడున్నర గంటలు తిప్పాడు, పైన ఒక్క రూపాయి అడగలేదు.

గైడులంటే నాకు పెద్ద నమ్మకం ఉండేది కాదు. రెండేళ్ల కింద వేరే ఊళ్లో కోట చూడబోతే, అక్కడ దొరికినాయన ఇరవై నిమిషాల్లో పాఠం అప్పజెప్పినట్టు చెప్పేసి, చివరికి తీసుకుపోయి చీరల షాపు ముందు నిలబెట్టాడు. అందుకే ఈసారి ఫోన్‌లోనే చెప్పేశాను, అన్నా, షాపులొద్దు, తొందరొద్దు, అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెల్లగా నడవాలి అని. "ఏడింటికల్లా రాండి సార్, ఎండ ముదిరితే బండల మీద కాలు పెట్టలేరు" అన్నాడు. పదిన్నర అయ్యేసరికి ఆ మాట ఎంత నిజమో మా అరికాళ్లకు తెలిసింది.

వస్తూనే మా బాబును అడిగాడు, పేర్లన్నీ బ్రహ్మవే కదా, మరి లోపల ఎవరుంటారు అని. వాడు బ్రహ్మ అన్నాడు, నేనైనా అదే అనేవాణ్నేమో. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ, తొమ్మిదీ శివుడి గుళ్లే. ఈ పేర్లు రససిద్ధుడు బంగారం చేయడానికి వాడిన మూలికల పేర్లని జనం చెప్పుకుంటారు. ఆ కథంతా చెప్పి "ఇది కథ సార్, ఇప్పుడు శాసనంలో ఉన్నది చెప్తా" అని స్వర్గబ్రహ్మ గుడి దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడి శాసనం బాదామి చాళుక్య రాజు వినయాదిత్యుడి కాలంనాటిది, అంటే 681 నుంచి 696 మధ్య. కథను కథగా, శాసనాన్ని శాసనంగా విడదీసి చెప్పిన గైడును నేను ఇంతకుముందు చూడలేదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఆ గుడి ఒక్కదాని దగ్గరే ముప్పావు గంట ఉన్నాం. మూలల్లో ఉన్న దిక్పాలకుల్లో ఎవరు ఎక్కడుంటారో సూర్యుణ్ని చూసి దిక్కు పట్టి చెప్పమంటే, మా వాడు ఫోన్ జేబులో పెట్టేసి గుడి చుట్టూ పరుగు. తర్వాత తలెత్తి శిఖరం చూడమన్నాడు. మన వైపు గుళ్లలా అంతస్తులు అంతస్తులుగా కాకుండా, గర్భగుడి మీద నిలువుగా లేచి పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతుంది, ఒడిశా గుళ్లు చూసినవాళ్లకు వెంటనే గుర్తొస్తుంది. దాని నెత్తిన గాడులు గాడులుగా ఉన్న గుండ్రటి రాయిని ఆమలకం అంటారట. "ఆమలకం అంటే ఏందమ్మా?" అని మా అమ్మను అడిగితే, ఆమె తడుముకోకుండా ఉసిరికాయ అంది. చూస్తే నిజంగా ఉసిరికాయే! ఇన్నేళ్లుగా దాని కిందే తిరుగుతూ ఒక్కసారి కూడా గమనించలేదు.

జోగులాంబ గుడి దగ్గర మాత్రం గైడు మాట్లాడటం ఆపి అమ్మను చెప్పనిచ్చాడు. ఇప్పుడున్న గుడి 2005లో కట్టింది. పాత గుడి 14వ శతాబ్దంలో ధ్వంసమయ్యాక అమ్మవారిని బాలబ్రహ్మ గుడిలోనే ఉంచి పూజించారు. అమ్మ పెళ్లయిన కొత్తలో వచ్చినప్పుడు అక్కడే దర్శనం చేసుకుందట. ఏ మూల నిలబడి మొక్కిందో చూపించింది. ఇన్నేళ్లలో ఆమె మాకెప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

కూడవెల్లి సంగమేశ్వర ఆలయం సంగతి కూడా బాగా చెప్పాడు. కృష్ణ, తుంగభద్ర కలిసే చోట ఉన్న ఆ గుడి శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోతుంటే, రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. అది విన్నాక మా బాబు గోడలో రాళ్ల అతుకులు వెతుకుతూ కూర్చున్నాడు, వాణ్ని లేపడమే కష్టమైంది.

లోపాలు లేవని కాదు. మ్యూజియంలో హడావుడి చేశాడు, పది నిమిషాల్లో బయటికి తెచ్చేశాడు, అక్కడి శిల్పాలకు గంటైనా చాలదు. నడుస్తూ నడుస్తూ చెప్పే అలవాటు వల్ల వెనక వస్తున్న అమ్మకు సగం మాటలు వినపడలేదు, రెండుసార్లు ఆపి చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ సంగతి మొదట్లోనే గట్టిగా చెప్పండి. డబ్బు కూడా ముందే ఖాయం చేసుకోండి, "మీ ఇష్టం సార్" అంటే ఒప్పుకోవద్దు, తర్వాత ఇద్దరికీ ఇబ్బంది. నీళ్లు, టోపీ తప్పనిసరి, ఎండాకాలమైతే అసలు వద్దు.

చివర్లో వెయ్యి ఇచ్చాం, మొహమాటపడుతూనే తీసుకున్నాడు. అదే ముంపు నుంచి తెచ్చిన పాపనాశి గుళ్లు ఊరికి కొంచెం దూరంలో ఇరవైకి పైగా ఉన్నాయి, అమ్మ అప్పటికే అలసిపోవడంతో వాటిని చూడలేదు. కార్తీకం తర్వాత చలిలో రమ్మన్నాడు, ఆయనకే మళ్లీ ఫోన్ చేస్తాం.