బరంపురం నుంచి కళింగ స్టేడియానికి: నాన్నతో సూపర్ కప్ ఫైనల్

2023 ఏప్రిల్ 25న మా భువనేశ్వర్ ఫుట్‌బాల్ క్లబ్ ఒడిశా ఎఫ్‌సీ సూపర్ కప్ గెలిచినప్పుడు నేను బరంపురంలో మా ఇంటి హాల్లో ఉన్నాను. పక్కన అమ్మ ఎండిన అప్పడాలు లెక్కపెట్టి కట్టలు కడుతోంది. మ్యాచ్ కోళిక్కోడ్‌లో. బెంగళూరు ఎఫ్‌సీ మీద డియెగో మౌరీసియో రెండు గోల్స్ కొట్టాడు, సునీల్ ఛెత్రీ పెనాల్టీతో ఒకటి తీర్చాడు, 2-1తో మనవాళ్ళు గట్టెక్కారు. క్లబ్‌కి అదే మొదటి కప్పు. నేనూ తమ్ముడూ కేకలు వేసుకుంటూ వీధిలోకి పరుగెత్తాం. వీధిలో ఎవరూ లేరు. ఎదురింటి పిన్నిగారు తలుపు తీసి "ఏటయ్యిందే?" అని కంగారుపడ్డారు. ఇకమీదట భువనేశ్వర్‌లో, మన క్లబ్ ఆడే కళింగ స్టేడియంలో, కప్పు మ్యాచ్ పడితే టీవీ ముందు కూర్చునేది లేదని ఆ రాత్రే అనుకున్నాం.

ఆ తర్వాత ఏడాదిలోపు నాలుగుసార్లు వెళ్ళొచ్చాను. మా బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగువాళ్ళు చాలామంది అడుగుతున్నారు: ఎలా వెళ్ళాలి, రాత్రికి ఎక్కడుండాలి, పెద్దవాళ్ళని తీసుకెళ్ళొచ్చా అని. నాకు అనుభవమైనంత వరకు చెబుతాను.

మొదటిది 2023 అక్టోబరు 24, ఆసియా క్లబ్‌ల పోటీ ఏఎఫ్‌సీ కప్‌లో మాల్దీవుల జట్టు మజియాతో. దసరా రోజులు. నేనూ తమ్ముడూ మధ్యాహ్నం రైల్లో వెళ్ళి, మ్యాచ్ చూసి, రాత్రికే తిరిగొచ్చేద్దామనుకున్నాం. ఆట మాత్రం పండగే, 6-1. గోల్ పడ్డప్పుడల్లా లేచి నిలబడటమే సరిపోయింది. తిరుగు ప్రయాణంలోనే తిప్పలు పడ్డాం. బరముండ బస్టాండులో దక్షిణానికి వెళ్ళే ఒక ప్రైవేటు బస్సెక్కాం. "బరంపురం ఆపుతాం" అన్నాడు కండక్టరు. ఆపాడు కూడా, కానీ ఊళ్ళో కాదు, బైపాస్ మీద, తెల్లవారుజామున మూడున్నరకి. ఆటో లేదు, దీపం లేదు. నలభై నిమిషాలు నడిచాం. రాత్రి బస్సెక్కేవాళ్ళు టికెట్ తీసుకునే ముందే బస్సు ఊళ్ళోకి వెళ్తుందా, బైపాస్ మీంచి పోతుందా అని తేల్చుకోండి. ఆడపిల్లలు ఒంటరిగా వస్తే రాత్రి బస్సు నేను వద్దంటాను. గదికి పెట్టే డబ్బు దండగ కాదు.

డిసెంబరు 11న బంగ్లాదేశ్ నుంచి వచ్చిన బసుంధరా కింగ్స్‌తో మ్యాచ్. గ్రూపులో వాళ్ళు మనకంటే ఒక పాయింటు ముందున్నారు, డ్రా అయినా వాళ్ళదే గ్రూపు. మనవాళ్ళు గెలిచి తీరాలి. అంతకు రెండు వారాల ముందే కలకత్తాలో మోహన్ బగాన్‌ని వాళ్ళ సొంత మైదానంలో 5-2తో ఓడించి వచ్చారు కాబట్టి స్టేడియంలో అందరికీ గుండె నిబ్బరంగానే ఉంది. రెండో సగంలో మన డిఫెండర్ మూర్తదా ఫాల్ కొట్టిన ఒక్క గోలుతో గ్రూపు మనదైంది. అంత పొడుగు మనిషి గోలు కొట్టాక చిన్నపిల్లాడిలా పరుగెత్తడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. ఆ రాత్రి నయాపల్లిలో చిన్న గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. స్టేడియం నుంచి పదిహేను నిమిషాల నడక. ఇలా స్టేడియం దగ్గర్లో ఉండటం ఎంత తేడానో తర్వాతి నెలలో తెలిసింది.

2024 జనవరి 28, ఆదివారం. సూపర్ కప్ ఫైనల్, ఒడిశాకీ కలకత్తా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కీ.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ మన శ్రీకాకుళం, గంజాం వైపు తెలుగువాళ్ళు అక్కడికి వెళ్ళి స్థిరపడ్డారు. అక్కడే నాన్నకి ఈస్ట్ బెంగాల్ పిచ్చి పట్టుకుంది. 1975 ఐఎఫ్‌ఏ షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని 5-0తో ఓడించినప్పుడు ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు, రేడియో దగ్గర విన్నాడు. 1997 జులై 13న మోహన్ బగాన్‌తో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కి మాత్రం లోకల్ రైలెక్కి హౌరా మీదుగా సాల్ట్ లేక్ స్టేడియానికి వెళ్ళాడు. లక్షా ముప్ఫై వేలకు పైగా జనం. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా ఆటగాళ్ళని నిలబెట్టే డైమండ్ పద్ధతి గురించి ఊరంతా చెప్పుకుంటున్న రోజులవి. పి.కె. బెనర్జీ శిక్షణలో ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది, బైచుంగ్ భూటియా హ్యాట్రిక్. ఆ రోజు జనంలో ఒక చెప్పు పోతే ఒంటి చెప్పుతోనే ఇంటికొచ్చాడని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

అలాంటి మనిషి మొన్నటివరకూ ఒడిశా ఎఫ్‌సీని "మీ టీము" అనేవాడు. సెమీస్‌లో మనవాళ్ళు ముంబై సిటీని 1-0తో, ఈస్ట్ బెంగాల్ జంషెడ్‌పూర్‌ని 2-0తో ఓడించాక, "అమ్మడూ, నేనూ వస్తాను" అన్నాడు. డెబ్భై ఏళ్ళు, షుగరు, కుడి మోకాలు నొప్పి.

రైలు విషయంలో నాకు రెండో మాట లేదు. బరంపురం నుంచి భువనేశ్వర్ 166 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్ బండి రెండున్నర, మూడు గంటల్లో చేరుస్తుంది. పెద్దవాళ్ళకి బస్సు కంటే వెయ్యి రెట్లు నయం. కుడివైపు కిటికీ దొరికితే హుమ్మా దగ్గర ఉప్పు మళ్ళు, రంభ దాటాక చిలికా. జనవరిలో నీటి మీద పక్షులు నల్లగా చుక్కలు పెట్టినట్టు కనబడతాయి. బాలుగాం రాగానే నాన్న దిగబోయాడు, ఎండు రొయ్యల కోసం. "వచ్చేటప్పుడు కొందాం, ఇప్పుడు కొంటే స్టేడియంలో మన పక్కన ఎవరూ కూర్చోరు" అని ఆపాను.

భువనేశ్వర్‌లో మొదటి దెబ్బ తగిలింది. స్టేషన్ దగ్గరని మాస్టర్ క్యాంటీన్ వైపు ఒక లాడ్జిలో ఆన్‌లైన్లో గది తీసుకున్నాను, డబ్బు కూడా కట్టేశాను. తీరా వెళ్తే "మీ బుకింగ్ మాకు రాలేదు, కావాలంటే ఇంకో గది ఉంది" అని రెట్టింపు చెప్పారు. కలకత్తా నుంచి అభిమానులు రైళ్ళ నిండా దిగారు, గదులకి గిరాకీ ఉంది, సంగతి అర్థమైంది. నాన్న కౌంటర్ దగ్గర కుర్చీ కూడా లేక గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. ఆ డబ్బు తిరిగి రావడానికి ఇరవై రోజులు పట్టింది. అప్పుడు నయాపల్లి గెస్ట్‌హౌస్‌కి ఫోన్ చేశాను. కింద అంతస్తులో గది ఖాళీ లేకపోతే యజమాని భార్య తమ సామాన్ల గది సర్ది మంచం వేయించింది. "బుడ్ఢా మనిషి మెట్లెక్కకూడదు" అని ఒడియాలో ఆవిడే అంది. రెండు మంచాలు, వేణ్ణీళ్ళు, పొద్దున్న టీ, 1,400 రూపాయలు. గోడలకి పెచ్చులూడాయి, ఫ్యాను చప్పుడు చేస్తుంది. అయినా మళ్ళీ అక్కడికే వెళ్తాను. ఫైనల్ లాంటి మ్యాచ్‌కి వెళ్ళేవాళ్ళు యాప్‌ని నమ్ముకోకుండా ముందురోజు ఫోన్ చేసి, మనిషి గొంతు విని, పేరు రాయించుకోండి. స్టేషన్ దగ్గర కంటే నయాపల్లి, జయదేవ్ విహార్ వైపు చూసుకోండి. మ్యాచ్ అయ్యాక వేలమంది ఒకేసారి ఆటోల కోసం చేతులెత్తుతారు, మీరు నడిచి వెళ్ళిపోవచ్చు. పగలు తిరగడానికి సిటీ బస్సు (అప్పట్లో మో బస్ అనేవారు) చాలు, స్టేషన్ నుంచి ఆ వైపు దొరుకుతుంది.

తిండికి ఇబ్బంది లేదు. మేం ఇంటినుంచి పులిహోర కట్టుకెళ్ళాం, మధ్యాహ్నానికి అదే. సాయంత్రం రోడ్డు పక్క బండి దగ్గర దొన్నెలో బరా, పైన వేడి ఘుగుని. గారెని బఠాణీ కూరలో నానేసినట్టుంటుంది. నాన్న రెండు తిన్నాడు, మూడోది నేను లాక్కున్నాను.

స్టేడియంలో ఎక్కడ కూర్చోవాలన్నది బాగా ఆలోచించుకోవలసిన విషయం. కళింగలో మైదానం చుట్టూ నీలం రంగు రన్నింగ్ ట్రాక్ ఉంటుంది. గోలు వెనకవైపు కూర్చుంటే ట్రాక్ వంపు వల్ల ఆట మరీ దూరమైపోతుంది, అవతలి గోలు దగ్గర ఏం జరుగుతోందో తెలీదు. పొడుగు వైపు స్టాండే మేలు, అందులోనూ మధ్య వరసల పైన. కింది వరసల్లో కూర్చుంటే మనుషుల కాళ్ళే కనబడతాయి గానీ ఆట రూపం అందదు. నాన్న మోకాలి కోసం మేం ఏడో వరసలో కూర్చున్నాం. గంటన్నర ముందే వెళ్ళడం వల్ల, ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఎక్కగలిగాడు. పెద్దవాళ్ళతో వెళ్తే ఆ గంటన్నర తప్పదు. గేటులో నీళ్ళ సీసాలు, పవర్ బ్యాంకులు పోనివ్వరు, షుగర్ మాత్రలు మాత్రం చీటీతో సహా జేబులో పెట్టుకోండి.

ఎదురు స్టాండులో ఎరుపూ పసుపూ. ఇంట్లో ఆడుతున్నది మనమా వాళ్ళా అన్నట్టుంది. నేను రెండేళ్ళ కిందట కొన్న ఊదా చొక్కా వేసుకున్నాను. నాన్న తెల్ల చొక్కా, మెడకి మఫ్లరు. ఏ రంగూ లేదు.

39వ నిమిషంలో మౌరీసియో కొట్టాడు. స్టాండు ఊగిపోయింది. 52లో ఈస్ట్ బెంగాల్ తరఫున నందకుమార్ శేఖర్ సమం చేశాడు. ముందు ఏడాది కోళిక్కోడ్‌లో మనకి కప్పు తెచ్చినవాళ్ళలో అతనొకడు. మన చొక్కాలో ప్రేమించిన కుర్రాడే మన వల కదిలిస్తే ఏమనాలో తెలియలేదు. 62లో వాళ్ళ సాల్ క్రెస్పో పెనాల్టీ, 1-2. కాసేపటికి ఫాల్‌కి రెడ్ కార్డు. పదిమందితో ఇంకా ఇరవై నిమిషాలు. చుట్టుపక్కల కొందరు లేచి వెళ్ళిపోయారు. నాన్న నా మోకాలి మీద చెయ్యేసి "ఉండు" అన్నాడు, అంతే.

90 దాటింది. ఎనిమిదో అదనపు నిమిషంలో మనకి పెనాల్టీ. మన అహ్మద్ జాహూ బంతి పెట్టుకుంటుంటే స్టేడియమంతా ఒక్కసారి నోరు మూసుకుంది. అప్పటిదాకా ఒడియాలో అరుస్తున్నదాన్ని, ఆ క్షణంలో నా నోట్లోంచి "కొట్టు నాయనా, కొట్టూ!" అని తెలుగు వచ్చేసింది. వల కదిలింది. వెనక వరసలోంచి ఎవరో "కొట్టేశాడ్రా బాబూ!" అన్నారు. తిరిగి చూస్తే ఒకాయన, ఆయన కూతురు, రాయగడ నుంచి వచ్చారు. "మనోళ్ళేనా? ఏ ఊరమ్మా?" అన్నాడాయన, కన్నీళ్ళు తుడుచుకుంటూనే. ఊళ్ళ పేర్లు చెప్పుకోవడానికి కూడా ఊపిరి లేదు, చేతులు పట్టుకుని ఊపుకున్నాం. నాన్న కూడా లేచి నిలబడి ఉన్నాడు. ఈస్ట్ బెంగాల్ మనిషి, కర్ర లేకుండా, ఏడో వరసలో.

ఆట అదనపు సమయానికి వెళ్ళింది. 111వ నిమిషంలో ఈస్ట్ బెంగాల్ క్లీటన్ సిల్వా కొట్టాడు. 2-3. ఇక తేరుకోలేదు.

2012 ఫెడరేషన్ కప్ తర్వాత ఈస్ట్ బెంగాల్‌కి జాతీయ స్థాయి కప్పు అదే. పన్నెండేళ్ళు. ఎదురు స్టాండులో మనుషులు ఒకరినొకరు ఎత్తుకుంటున్నారు. నేను ముఖం చేతుల్లో పెట్టుకున్నాను. కాస్త తేరుకుని, "ఓ కేక వెయ్యి నాన్నా, నీ కప్పు గెల్చింది కదా" అన్నాను. "నీ పక్కన కూచుని వెయ్యలేనమ్మడూ" అన్నాడు.

బయట గేటు దగ్గర కలకత్తా కుర్రాళ్ళ గుంపు డప్పు కొడుతోంది. నాన్న ఆగాడు. తన ఖరగ్‌పూర్ బెంగాలీలో ఏదో అన్నాడు. "సాతానబ్బోయి" అన్న మాట ఒక్కటే నాకు అందింది, తొంభై ఏడు. డప్పు ఆగిపోయింది. "మీరు ఆ రోజు అక్కడున్నారా దాదూ?" అని అడిగారు. అప్పటికి పుట్టని పిల్లలు చుట్టూ చేరి, భూటియా మూడో గోలు ఎలా పడిందో చెప్పించుకున్నారు. నాన్న చేత్తో గాలిలో గీసి చూపించాడు. ఒకడు తన ఎరుపు పసుపు మఫ్లరు తీసి నాన్న మెడలో వేశాడు. నాన్న నా వైపు చూశాడు. "వేస్కో నాన్నా" అన్నాను.

కోళిక్కోడ్‌లో గెలిచిన రాత్రి గురించి అడిగితే నాకు వీధి గుర్తొస్తుంది, ఎవరూ లేని వీధి. ఈ ఓడిన రాత్రి మాత్రం నిమిషం నిమిషం నాలో ఉంది.

మర్నాడు తిరుగు రైల్లో బాలుగాంలో ఎండు రొయ్యలు కొన్నాం. ఆ మార్చి నుంచి తెల్లవారుజామునే భువనేశ్వర్ నుంచి విశాఖ వైపు వందే భారత్ వస్తోంది. రాత్రి అక్కడుండి, పొద్దున్నే అందులో ఎక్కితే బరంపురంలో ఆఫీసు వేళకి ఉండొచ్చు.

మార్చి 14న సెంట్రల్ కోస్ట్ మరైనర్స్‌తో ఏఎఫ్‌సీ కప్ మ్యాచ్‌కి మళ్ళీ వెళ్ళాం. రెండు ఆటల గోల్సూ కలిపి లెక్క, ఆస్ట్రేలియాలో మొదటి ఆట 0-4తో ఓడి వచ్చాం కాబట్టి అద్భుతం ఏదో జరగాలి. జరగలేదు. 0-0. నేను వద్దన్నా నాన్న తనే టికెట్ తీయించుకున్నాడు, అదే గెస్ట్‌హౌస్, అదే కింది గది. మ్యాచ్ అయ్యాక మంచం మీద కూచుని ఖరగ్‌పూర్‌లో పాత దోస్తుకి ఫోన్ చేశాడు. నేను మాత్రలు తీసి ఇస్తున్నాను.

"లేదురా, గోలు పడలేదు. కానీ ఆస్ట్రేలియా వాళ్ళని ఒక్కటి కూడా కొట్టనివ్వలేదురా మనోళ్ళు."