ట్రయంఫ్ టీఆర్6 కొనేవారికి జాగ్రత్త: కొత్త రబ్బర్ల వెనక చిరిగిన ఇనుము

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు టీఆర్6 మీద మనసు పడినవారు బేరం కుదుర్చుకునే ముందు ఇది చదవండి. "డిఫరెన్షియల్ మౌంట్లు, ఇంజన్ మౌంట్లు అన్నీ కొత్తవి వేయించాం" అని చెప్పి నాకు కారు అమ్మారు. డిఫరెన్షియల్ అంటే ఇంజన్ బలాన్ని రెండు వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె; మౌంట్లు అంటే ఆ పెట్టెనూ ఇంజన్‌నూ కుదుపు తగలకుండా పట్టి ఉంచే మెత్తలు. ఆ మెత్తలు నిజంగానే కొత్తవి. వాటిని మోయాల్సిన ఇనుమే చిరిగిపోయి ఉంది. చిరుగు మీద పుట్టీ మెత్తి, ఆపైన నల్లటి అండర్‌కోటింగ్ (కారు అడుగుకు తుప్పు పట్టకుండా వేసే పూత) దట్టంగా కొట్టారు. పైన పటారం, లోన లొటారం.

ఈ జబ్బు ఈ కార్లకు పుట్టుకతో వచ్చిందే. 1965లో స్వతంత్ర వెనక సస్పెన్షన్‌తో (వెనక చక్రాలు దేనికవే కదిలే ఏర్పాటుతో) వచ్చిన టీఆర్4ఏ మొదలు, టీఆర్5, టీఆర్250, 1976 దాకా తయారైన టీఆర్6 వరకు డిఫరెన్షియల్ నాలుగు చోట్ల చాసిస్‌కు వేలాడుతుంది. ముందువైపు రెండు పిన్నులను పలుచటి రేకు బ్రాకెట్లకు వెల్డింగ్ చేశారు. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ డిఫరెన్షియల్ మూతి పైకి లేస్తుంది, ఇంజన్ వైపు నుంచి దానికి బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ మెలితిప్పుడుకు కుడివైపు ఇంకా ఎక్కువగా ఎగదన్నుతుంది. అందుకే ముందుగా చిరిగేది ఎక్కువగా కుడి ముందు పిన్ను చుట్టూ ఉన్న రేకే. ఇంజన్ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. షాఫ్టును ఒకవైపు తిప్పుతూ తాను రెండోవైపు ఒరుగుతుంది కాబట్టి ఎడమ మౌంటు సాగి సాగి, రబ్బరు ఇనుప పలక నుంచి ఊడుతుంది. (కుడి ఎడమలు కారులో ముందుకు చూస్తూ కూర్చున్నవారికి.)

నా కారులో క్లచ్ వదలగానే సీటు వెనక ఠంగుమనేది. "యూనివర్సల్ జాయింటు (షాఫ్టుల మధ్య ఉండే కీలు) శబ్దం, ఈ కార్లన్నింటికీ మామూలే" అన్నారు అమ్మినవారు. గడుసు జవాబు, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. అరిగిన జాయింటూ, వెనక చక్రాలకు వెళ్లే షాఫ్టుల స్ప్లైన్లూ (ఒకదానిలో ఒకటి జారే పళ్లూ) అచ్చం అలాగే మోగుతాయి. చెవితో తేలేది కాదు, కారు కింద దూరాల్సిందే.

జాకీని మాత్రమే నమ్మి దూరకండి, స్టాండ్లు పెట్టండి. డిఫరెన్షియల్ మూతి కింద పొడవాటి ఇనుప కడ్డీ పెట్టి పైకి ఎత్తుతూ, పిన్నూ రేకూ కలిసే చోట టార్చి వేయండి. రబ్బరు కొద్దిగా నలిగితే భయం లేదు. పిన్ను రేకులో కదిలినా, పూత మీద వెంట్రుకంత గీత తెరుచుకుని మూసుకున్నా బ్రాకెట్ పోయినట్టే. నా కారులో కడ్డీ ఎత్తగానే పూత చిట్లి, గోధుమరంగు తుప్పు పొడి ముఖం మీద రాలింది. ఇనుప బ్రష్‌తో గీకితే పుట్టీ పెచ్చులుగా లేచింది. కింద వెల్డింగ్ ముద్దలు కనిపించాయి; అవి రేకులోకి కరిగి కలవనే లేదు, పైపైన అంటుకుని ఉన్నాయంతే. గీకి చూస్తానంటే "పూత పాడవుతుంది" అని అమ్మేవారు అడ్డుపడితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

పైగా ఆ మౌంట్లకు రబ్బరు బదులు గట్టి పాలీయురేథేన్ (ఒక రకం ప్లాస్టిక్) బుష్‌లు వేసి అదో ఘనతగా చెప్పారు. రబ్బరు మింగే కుదుపును అవి నేరుగా రేకు మీదికి తోస్తాయి, నీరసపడ్డ రేకు ఇంకా తొందరగా చిరుగుతుంది. రోడ్డు మీద నడిపే కారుకు మంచి రబ్బరే మేలని నా అభిప్రాయం.

ఇంజన్ మౌంటు పైకి చూస్తే తెలియదు. ఊడిన రబ్బరును ఇంజన్ బరువే అదిమి పెడుతుంది. ఆయిల్ సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద చెక్క పలక పెట్టి జాకీతో పిసరంత లేపితే సందు బయటపడుతుంది. దీన్ని చిన్న విషయం అనుకోకండి. ఊడిన మౌంటు వల్ల ఇంజన్ పైకి లేచి థ్రాటిల్‌ను (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే మూతను) లాగేస్తోందని 1971లో జనరల్ మోటార్స్ సుమారు 67 లక్షల వాహనాలను వెనక్కి పిలిపించి, ఇంజన్ లేవకుండా ఇనుప తాడు బిగించాల్సి వచ్చింది.

మరమ్మతుకు డిఫరెన్షియల్ దించి తీరాలి. దించకుండా కింది నుంచి నాలుగు చుక్కలు వేస్తామనే వెల్డర్‌కు దండం పెట్టండి, నా కారుకు అంతకుముందు జరిగింది అదే. బ్రాకెట్లను ఇనుము మెరిసేదాకా శుభ్రం చేసి, బాగున్నట్టు కనిపించే ఎడమవైపు కూడా బలాన్నిచ్చే ఇనుప పలకలు అతికించాలి. పెట్రోలు ట్యాంకు సరిగ్గా ఆ పైనే, సీట్ల వెనక ఉంటుంది. దాన్ని విప్పి దూరంగా పెట్టి, బ్యాటరీ తీగలు తీశాకే వెల్డింగ్. తిరిగి బిగించేటప్పుడు లాక్‌నట్లు కొత్తవి వాడండి. ఇంజన్ మౌంట్ల బోల్టులన్నీ వదులుగా ఎక్కించి, ఇంజన్ తన చోట కుదురుకున్నాకే బిగించండి.

అమ్మినవారిని నిలదీస్తే "చూసుకునే కొన్నారుగా" అన్నారు. కాబట్టి మరమ్మతు చేయించామని ఎవరైనా అంటే, పూత వేయకముందు తీసిన బ్రాకెట్ల ఫోటోలు అడగండి. అవి లేకపోతే మరమ్మతు జరగలేదనే లెక్కవేసి, డిఫరెన్షియల్ దించి వెల్డింగ్ చేయించే ఖర్చు ధరలో తగ్గించమనండి.