మసాయ్ మారా లగ్జరీ సఫారీ బుక్ చేస్తున్నారా? వోచర్‌లో చివరి లైను చదివి డబ్బు కట్టండి

మొన్న సెప్టెంబరులో మేమిద్దరం కెన్యా వెళ్లొచ్చాం. పెళ్లయి 25 ఏళ్లు, ఒక్కసారైనా గట్టిగా ఖర్చు పెడదామని హైదరాబాద్‌లో ఒక ట్రావెల్స్ దగ్గర నాలుగు రాత్రుల ‘లగ్జరీ సఫారీ’ తీసుకున్నాం. విమానం టికెట్లు కాకుండా ఇద్దరికీ 7,20,000 రూపాయలు. కేసు నడుస్తోంది కాబట్టి వాళ్ల పేరు రాయడం లేదు.

మాకు చూపించిన క్యాంపు మారా నది ఒడ్డున ఉంది. టెంటు ముందు చెక్క అరుగు, రెండు కుర్చీలు, కింద నీళ్లలో నీటిగుర్రాలు. ఆ ఫోటో చూశాకే మా ఆవిడ సరే అంది. నైరోబీ విల్సన్ ఎయిర్‌పోర్ట్ నుంచి చిన్న విమానంలో పంపిస్తామన్నారు. సామాను 15 కిలోలు దాటకూడదు, గట్టి సూట్‌కేసు పనికిరాదు అంటే అందుకోసం మెత్తటి బ్యాగులు కూడా కొన్నాం.

తీరా అక్కడ మా కోసం వచ్చింది వ్యాను. “వెదర్ బాలేదు సార్, ఫ్లైట్ క్యాన్సిల్” అని హైదరాబాద్ నుంచి ట్రావెల్స్ అతని వాయిస్ మెసేజ్. డబ్బు కట్టేదాకా నన్ను ‘అన్నా’ అనేవాడు, కట్టాక సార్‌నయ్యాను. తలెత్తి చూస్తే ఒక్క మబ్బు లేదు. నరోక్‌లో టీకి ఆగినప్పుడు డ్రైవర్ తన బుకింగ్ కాగితం చూపించాడు. మా పేర్లు, పక్కన వ్యాను, రోడ్డు ప్రయాణం, మేమెప్పుడూ వినని క్యాంపు పేరు. దాని మీద తేదీ మా ప్రయాణానికి సరిగ్గా మూడు రోజుల ముందుది. మేం పూర్తి డబ్బు కట్టింది మార్చిలో! పాపం ఆ డ్రైవర్ తప్పేం లేదు, మమ్మల్ని బాగా చూసుకున్నాడు.

ఆ క్యాంపు మసాయ్ మారా రిజర్వ్‌లో (అంటే అభయారణ్యంలో) లేదు, దాని సెకెనాని గేటు బయట ఉంది. టెంటు శుభ్రంగానే ఉంది, తిండీ పరవాలేదు. రాత్రి జనరేటర్ మోత, అది ఆగాక ఊరకుక్కలు. అసలు దెబ్బ ఎక్కడంటే, జులై నుంచి డిసెంబర్ దాకా విదేశీయులకు మారా రిజర్వ్ టికెట్ మనిషికి 200 డాలర్లు. అది ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే. బయట బస చేస్తే రోజూ కొత్త టికెట్ కొనాల్సిందే. మా ప్యాకేజీలో ఒక్క రోజుకే కట్టారు. రెండో రోజు గేటు దగ్గర 400 డాలర్లకు కార్డు గీకాను, మూడో రోజు మళ్లీ.

మూడో రోజు నది గట్టున, దాటడానికి వచ్చిన వేల వైల్డ్‌బీస్ట్‌లు (గడ్డి మేసే పెద్ద అడవి జంతువులు). ముందున్నది నీళ్ల దాకా దిగుతుంది, మూతి పెట్టి చూస్తుంది, వెనక్కి తిరుగుతుంది. వెనకాలవన్నీ తిరుగుతాయి. మూడు గంటలు ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. నాలుగు కాకముందే డ్రైవర్ గడియారం చూపించాడు. ఆరింటిలోపు గేటు దాటాలి, దారి రెండు గంటలు. మేం కదిలిన అరగంటకి మంద నదిలోకి దూకిందని అతని రేడియోలో విన్నాం. మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది, క్యాంపు దాకా మాట్లాడలేదు. మంద ఎప్పుడు దాటుతుందో ఎవరి చేతుల్లోనూ లేదు, ‘గ్యారంటీ క్రాసింగ్’ అనేవాణ్ణి అసలు నమ్మకండి. కానీ ఫోటోలోని క్యాంపు ఇచ్చి ఉంటే ఆ గట్టు మీద మాకు ఇంకాసేపు దక్కేది.

తిరిగొచ్చి గొడవపడితే ట్రావెల్స్ అతను వోచర్ అడుగున చిన్న అక్షరాలు చూపించాడు: “లేదా అదే స్థాయి వసతి.” ఏడు లక్షలూ ఆ లైనులోనే పోయాయి. నష్టానికి 40,000 ఇస్తాడట, అదీ దుబాయ్ ట్రిప్పులో అడ్జస్ట్ చేసి.

కాబట్టి ఆ లైను కొట్టేయించందే అడ్వాన్స్ ఇవ్వకండి. క్యాంపుకు మీరే మెయిల్ పెట్టి, మీ పేరు మీద రిజర్వేషన్ ఉందా అని అడగండి. ఆ పని నేను చేసి ఉంటే ఏప్రిల్‌లోనే బయటపడేది. క్యాంపు రిజర్వ్ లోపలా, బయటా, లేక రిజర్వ్ పక్కనుండే మారా నార్త్, నబోయిషో లాంటి ప్రైవేటు కన్సర్వెన్సీలోనా (వన్యప్రాణుల కోసం ఉంచిన భూములు) అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. మాకు ‘నైట్ సఫారీ’ కూడా రాసిచ్చారు. రిజర్వ్‌లో రాత్రిపూట తిరగనివ్వరు, అది కన్సర్వెన్సీల్లోనే. అంటే రాసినవాడికే తెలియదు, లేదా తెలిసే రాశాడు. టికెట్ ఎన్ని రోజులకు కట్టారో, బండి ల్యాండ్ క్రూజరా వ్యానా అన్నదీ అంతే. అక్కడి ఆపరేటర్ పేరు చెప్పించుకుని కెన్యా టూర్ ఆపరేటర్ల సంఘం ‘కాటో’ జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

ఇంకోటి, టీసీఎస్ (ప్యాకేజీ అమ్మేవాళ్లు మన దగ్గర ముందే తీసుకునే ఆదాయపు పన్ను) పేరుతో మా దగ్గర వసూలు చేసింది నా 26ఏఎస్‌లో, అంటే నా పేరున జమైన పన్నుల లెక్క చూపే పత్రంలో, ఇప్పటికీ కనబడలేదు. మీరు ఈమధ్య ఏదైనా విదేశీ ప్యాకేజీ కొని ఉంటే ఈరోజే తెరిచి చూసుకోండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. వాట్సాప్‌లో ఆ ట్రావెల్స్ అతను మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ పెట్టుకున్నాడని లాయర్ అడిగేదాకా గమనించలేదు. ‘నది ఒడ్డునే అన్నా, గ్యారంటీ’ అన్న మాటలన్నీ పోయాయి. ఇప్పుడు నా దగ్గర మిగిలింది బ్యాంకు రసీదు, ఆ వోచర్, నరోక్ టీ కొట్లో ఎందుకో తీసిపెట్టుకున్న డ్రైవర్ కాగితం ఫోటో.