తిరుపతి నుంచి హార్స్‌లీ హిల్స్‌కి సైకిల్ మీద: కొండ మంచిదే, లాడ్జీయే ముంచింది

ముందు లాడ్జి సంగతి చెప్పేస్తాను, లేకపోతే మిగతాదంతా రాస్తున్నంతసేపూ అదే గుర్తొస్తుంది. పేరు రాయను. తిరుపతి బస్టాండుకి దగ్గర్లో ఒక సందులో ఉంది. వైకుంఠ ఏకాదశికి ముందు వారం కాబట్టి రద్దీ ఉంటుందని నెల్లూరు నుంచే ఫోన్లో మాట్లాడుకున్నాం. ముగ్గురికి ఒక రూము, రోజుకి 1,800, ఇరవై నాలుగు గంటల చెకౌట్, రెండు రోజులు. కారు దిగి కౌంటర్ దగ్గర నిలబడేసరికి అది 2,200 అయింది. "సీజన్ సార్" అన్నాడు అక్కడి కుర్రాడు, సెల్లులోంచి తల ఎత్తకుండానే. సైకిళ్లు రూములో పెట్టుకోవడానికి ఒక్కోదానికి 200. లిఫ్టులో పెడితే అద్దానికి గీతలు పడతాయట. అలా డబ్బులూ మేమే కట్టి, మూడో అంతస్తుకి సైకిళ్లూ మేమే మోసుకున్నాం. మొత్తం 5,000. ఫోన్‌పే పనిచేయట్లేదట, నోట్లే ఇవ్వాలట. బిల్లు అడిగితే పొద్దున ఇస్తామన్నాడు. పొద్దున మూడున్నరకి మేం దిగేటప్పటికి అతను బెంచీ మీద దుప్పటి ముసుగు తన్ని ఉన్నాడు.

మళ్లీ ఆ గుమ్మం ఎక్కింది రాత్రి పదకొండున్నర దాటాక, మూడొందల కిలోమీటర్లు తొక్కి. మా బ్యాగులు మూడూ మెట్ల కింద, జనరేటర్ పక్కన ఉన్నాయి. రూములో ఆరేసిన తడి తువ్వాళ్లని కూడా ఎవరో ఉండచుట్టి నా బ్యాగులోనే కుక్కారు. రూము వేరే కుటుంబానికి ఇచ్చేశారు. "మీరు రారనుకున్నాం సార్."

మాతో వచ్చిన పెద్దాయన బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యారు, మేమంతా మేనేజర్ గారనే పిలుస్తాం. ఆయనకి గొంతు పెంచడం రాదు. "రారనుకుంటే రెండో రోజు డబ్బులు ఎందుకు తీసుకున్నావు నాయనా?" అని ఒకే ప్రశ్న, ఒకే స్వరంతో, అటూ ఇటూ తిప్పకుండా అడుగుతూనే ఉన్నారు. మా బావమరిది మాత్రం కౌంటర్ మీద గుద్దాడు. గుద్దుకి రాలేదు గానీ ఆ ప్రశ్నకి 2,000 వెనక్కి వచ్చింది. మిగతా రెండొందలు మా సామాను కాపలా కాసినందుకట! చేతిలో బిల్లు ఉంటే కథ వేరేగా ఉండేది. అంత రాత్రి ఇంకెక్కడా రూము దొరక్క కారులోనే పడుకున్నాం. అంతసేపు తొక్కిన మోకాలు కారు సీట్లో మడతపడదు, ఎవరైనా అనుమానం ఉంటే ప్రయత్నించండి.

ఇక రైడ్ సంగతి. దూరం సైకిల్ రైడ్లు పెట్టే ఆడాక్స్ అనే సంస్థ వాళ్ల బీఆర్ఎం రైడ్లలో 300 కిలోమీటర్లకి 20 గంటల గడువు ఉంటుంది. మొదటివాడు, రెండోవాడు అని లెక్కలుండవు, గడువులో వస్తే చాలు. దారిలో కంట్రోల్ పాయింట్ల దగ్గర, వచ్చినట్టు సాక్ష్యంగా, బ్రెవే అనే కార్డు మీద స్టాంపు వేస్తారు. మాది ఎవరూ పెట్టిన రైడ్ కాదు, అదే లెక్కకి సొంతంగా పెట్టుకున్న పందెం. తిరుపతి, పీలేరు, మదనపల్లె, హార్స్‌లీ కొండ, మళ్లీ వెనక్కి. కార్డు లేదు కాబట్టి దారిలో టీ కొట్ల బిల్లులే సాక్ష్యమని మేనేజర్ గారు రూలు పెట్టారు. పీలేరు దగ్గర టీ అమ్మే ఆమెకి బిల్లు పుస్తకం లేదు. క్యాలెండర్ కాగితం చింపి, వెనకవైపు "3 టీ 36 రూ. 7-20" అని పెన్సిల్‌తో రాసి, అడక్కుండానే కింద సంతకం కూడా పెట్టి ఇచ్చింది. ఐదు వేలు తీసుకున్నవాడికి చేతకానిది ఆమె ముప్పై ఆరు రూపాయలకి చేసింది.

నాలుగింటికి బయల్దేరి, చంద్రగిరి కోట చీకట్లోనే దాటి, భాకరాపేట ఘాట్ మొదట్లో తెల్లారుతుంటే ఎక్కాం. ఈ ఘాట్ ఎక్కడం కష్టమేమీ కాదు, దిగేటప్పుడే భయం. 2022 మార్చిలో నిశ్చితార్థానికి తిరుపతి వస్తున్న ధర్మవరం వాళ్ల బస్సు లోయలో పడింది ఇక్కడే. ఎదురుగా పసుపు బట్టలు కట్టుకుని, నెత్తిన మూటలతో తిరుమలకి నడిచి వెళ్తున్న జట్లు వస్తున్నాయి. "యాడికి సామీ, కొండ అట్టుంటే ఇట్ట పోతుండారు?" అని ఒకాయన ఎగతాళి చేశాడు. జవాబు చెప్పడానికి ఊపిరి లేదు.

పీలేరు నుంచి మదనపల్లె దాకా రాయడానికి ఏమీ లేదు, గాలి వెనకనుంచి తోసింది. అది డిసెంబరు ఈశాన్యపు గాలి. పోయేటప్పుడు పడమటికి కాబట్టి చుట్టం. దాని బాకీ రాత్రికి తీర్చాల్సి వస్తుందని అప్పటికి ఎవరమూ మాట్లాడలేదు. మదనపల్లెలో టమోటా బాక్సుల లారీల మధ్య అరగంట పోయింది. 2023 జూలైలో కిలో రెండొందల దాకా పలికిన మార్కెట్ ఇదే. 1919లో టాగూరు జనగణమనని ఇంగ్లీషులో రాసిన ఊరూ ఇదేనని, ఆ కాలేజీ చూసిపోదామని మేనేజర్ గారు అన్నారు. బావమరిది ముఖం చూసి మానేశారు.

అంగళ్లు దాటాక కొండ కనబడింది. తిరుపతి సముద్ర మట్టానికి 160 మీటర్ల దగ్గర, మదనపల్లె 700 దగ్గర, కొండపైన 1,265. అంటే పొద్దున్నుంచీ తెలియకుండా ఎక్కుతూనే ఉన్నాం, ఇప్పుడు తెలిసి ఎక్కాలి. గేరు చక్రాల్లో వెనక పళ్లు ఎంత ఎక్కువుంటే ఎక్కడం అంత తేలిక. నా సైకిల్‌కి ముందు 34, వెనక 32 పళ్లు. బావమరిదికి వెనక 28 దాకానే. కొనేటప్పుడు షాపువాడు "కుర్రాళ్లు కదా, చాలు" అన్నాడట. కుర్రాడు మూడో మలుపులోనే రోడ్డుకి ఈ అంచు నుంచి ఆ అంచుకి పాములా తొక్కడం మొదలుపెట్టాడు. మేనేజర్ గారు మాత్రం సీటు మీంచి లేవకుండా, ఒకే వేగంతో, సంతకాలు పెడుతున్నట్టు తొక్కుతూ పోయారు. పైగా కథ చెబుతున్నారు. దీని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ, 1870 ప్రాంతంలో హార్స్‌లీ అనే కడప కలెక్టరు ఎండ పడక ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు అని.

"ఆయన్ని పల్లకీలో మోసుంటారు బావా, నన్నెవడు మోస్తాడు?"

నవ్వితే నాకు పిక్క పట్టేసింది. దిగి, ఓఆర్ఎస్ తాగి, పిక్క రాయి లాగా బిగుసుకుంటే రెండు చేతులతో పిసుక్కుంటూ పారాపెట్ గోడ మీద కూర్చున్నాను. కొండ దారిలో మోటారు సైకిళ్లు ఆపి ఫోటోలు తీసుకునేవాళ్లే ఎక్కువ. ఒక జంట అయితే నా అవస్థకి కూడా ఒక ఫోటో తీసుకున్నారు. నీలగిరి చెట్ల వాసన మొదలయ్యాక ఎండ తగ్గింది, వాలు మాత్రం తగ్గలేదు.

రెండింటికి పైన గాలిబండ మీద నిలబడ్డాం. చెమటకి తడిసిన జెర్సీలో ఐదు నిమిషాలకే పళ్లు కొట్టుకున్నాయి. డిసెంబరులో వెళ్లేవాళ్లు విండ్ చీటర్ తీసుకెళ్లాల్సిందే, చలి కంటే గాలే ఎక్కువ బాధపెడుతుంది. పైన తిండి మాత్రం దండగ. చల్లారిన ఫ్రైడ్ రైస్ 140, అదీ ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాక. 2022 దాకా ఇది మా పక్క చిత్తూరు జిల్లాలోదే. రాగి సంగటి దొరికే ఆ జిల్లాలో కొండెక్కి ఫ్రైడ్ రైస్ తినడమేమిటి?

అసలు భోజనం సాయంత్రం ఆరున్నరకి, కలికిరి దగ్గర. అప్పటికి ఎదురుగాలికి గంటకి పదిహేను కిలోమీటర్లు కూడా పడట్లేదు. బావమరిది మాట్లాడ్డం మానేసి చాలాసేపైంది, ఇక బస్సెక్కేస్తాడనే అనుకున్నాను. రేకుల షెడ్డు, రెండే బల్లలు, బోర్డు లేదు. వేడి రాగి సంగటి ముద్ద, మధ్యలో వేలితో గుంట చేసి నెయ్యి, పక్కన చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, కోడి పులుసు. పులుసు పల్చగా, మిరియం ఘాటు నేరుగా ముక్కుకి కొట్టేలా ఉంది. వడ్డించిన అవ్వ మా హెల్మెట్లు, లైట్లు చూసి, "తిరప్తికా? ఈ పొద్దులోనా? ఇంగో ముద్ద తిను నాయనా" అని అడక్కుండానే వేసింది. మనిషికి 110, రెండో ముద్దకి తీసుకోలేదు. చివర్లో చెంబుడు మజ్జిగ. బావమరిది లేచి చేయి కడుక్కుని, "పదండి, ఎంతుంది ఇంకా" అన్నాడు. పొద్దున్నుంచీ ఆరేడు వందలు పెట్టి కొనుక్కొచ్చిన, శక్తి కోసం సైక్లిస్టులు తినే జెల్ ప్యాకెట్లు తిన్నాడు, ఒక్కటీ ఈ పని చేయలేదు.

తొమ్మిది దాటాక భాకరాపేట ఘాట్ దిగాం. ఇక్కడ నా సలహా ఒక్కటే: రాత్రి దిగాల్సి వస్తే వెనక లారీకి దారిచ్చి, ఆగి, అది పోయాకే కదలండి. హారన్ కొడుతున్నాడని వేగం పెంచితే మలుపులో ముందు చక్రం ఇసకలో పడుతుంది. ముగ్గురం ఒకరి వెనక ఒకరం, మధ్యలో పాతిక గజాలు వదిలి, రెండుచోట్ల ఆగి బ్రేకు డిస్కులు చల్లార్చుకుంటూ దిగాం. చక్రం అంచునే పట్టే రిమ్ బ్రేకులున్న మేనేజర్ గారు మాకంటే ఎక్కువసార్లు ఆగారు.

తిరుపతి చేరేసరికి మీటరు 296 చూపిస్తోంది. టైము పదకొండు. చాల్లెమ్మని నేను, బావమరిది. "తొంభై ఆరుని వంద అని బ్యాంకులో ఎవరూ రాయరబ్బా" అని మేనేజర్ గారు. చేసేదిలేక కపిలతీర్థం రోడ్డు మీద ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాం. గస్తీలో ఉన్న కానిస్టేబుల్ ఆపి ఏం వెతుకుతున్నారని అడిగాడు. నాలుగు కిలోమీటర్లని చెబితే కాసేపు మమ్మల్ని చూసి పొమ్మన్నాడు.

లాడ్జి కాకుండా దారి ఖర్చు ముగ్గురికీ కలిపి 1,640. తిరుపతిలో రైలు దిగేవాళ్లు రైల్వే రిటైరింగ్ రూములకి ముందే ప్రయత్నించండి. దొరక్కపోతే ఎక్కడ దిగినా రసీదు చేతికొచ్చాకే డబ్బు తీయండి, రేపిస్తామంటే బయటికి వచ్చేయండి. మేనేజర్ గారు ఈసారి చిత్తూరు నుంచి మొగిలి ఘాట్, పలమనేరు, పుంగనూరు మీదుగా అదే కొండకి వెళ్దామంటున్నారు. బావమరిది సరేనన్నాడు గానీ, కలికిరి ఆ దారిలో రాదని ఇంకా చూసుకోలేదు.