నడుస్తూ ఆగిపోయే పాత కారు, ఏడేళ్ల బ్లూటూత్ స్కానర్

2018 ఏప్రిల్‌లో 650 రూపాయలకు కొన్న ఓబీడీ స్కానర్ (కారు ఇంజిన్ కంప్యూటర్‌లోని సమాచారం చదివే పరికరం) గురించి ఈ సమీక్ష. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో పెడితే బ్లూటూత్ ద్వారా ఫోన్‌తో కలుస్తుంది. కొన్న వారంలో రాసి ఉంటే దీనికి ఒక్క స్టార్ ఇచ్చేవాణ్ణి. ఏడేళ్లు దాటాక నా అభిప్రాయం పూర్తిగా వేరు.

నా కారు 2011 మోడల్ పెట్రోలు బండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మూడేళ్లు ఏ గొడవా లేకుండా నడిచి, 2018 మార్చిలో ఎండలు ముదిరాక మొదలుపెట్టింది. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోయేది. మిస్సింగ్ లేదు, పికప్ తగ్గడం లేదు, తాళం తిప్పి ఆపేసినట్టే. వెంటనే సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరిగేది కానీ అందుకునేది కాదు. ఇరవై నిమిషాలు బానెట్ ఎత్తి నిలబడితే మాత్రం మొదటి సెల్ఫ్‌కే స్టార్టయ్యేది. మర్నాడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే సాయంత్రం దాకా ఆన్‌లో ఉంచినా ఆగదు. మన మాట నమ్మించడమే కష్టమైపోయేది.

హైవే మీద ఇది ప్రాణాల మీదికొచ్చే విషయం. ఇంజిన్ ఆగగానే పవర్ స్టీరింగ్ బిగుసుకుపోతుంది. బ్రేకు ఒకటి రెండు సార్లు మామూలుగా పడుతుంది, తర్వాత రాయిలా గట్టిపడుతుంది. వెనక లారీలు వస్తుంటే ఎడమకు తీయడానికి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాల్సి వచ్చేది. ఒకసారి మా అమ్మ కూడా బండిలో ఉంది. ఆ రోజు నుంచి దీన్ని తేల్చకుండా వదలకూడదని పట్టుబట్టాను.

అప్పటికే రెండు గ్యారేజీలు తిరిగాను. మొదటి చోట ప్లగ్గులు మార్చి, థ్రోటల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) కడిగారు. రెండో చోట ఫ్యూయల్ పంపు మార్చారు. ఆగినప్పుడు పంపు శబ్దం రావట్లేదు కాబట్టి పంపే పోయిందన్నారు. ఆ మాట నాకూ సబబుగానే తోచింది. 6,500 కట్టాను. తొమ్మిది రోజుల తర్వాత చౌటుప్పల్ దాటాక మళ్లీ ఆగింది. ఈ స్కానర్ కొన్నది అప్పుడే.

పెట్టగానే తప్పు ఏంటో కోడ్ రూపంలో చెప్పేస్తుందనుకున్నాను. కోడ్లు ఏమీ లేవు. ఆగినప్పుడల్లా చూశాను, అప్పుడూ లేవు. చెక్ లైటు కూడా వెలగలేదు. దీని కారణం నాకు చాలా తర్వాత అర్థమైంది. ఇంజిన్ తిరుగుతోందో లేదో ఈసీయూకు, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు, చెప్పేది క్రాంక్ సెన్సర్. క్రాంక్ అంటే ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు. ఆ సిగ్నల్ ఆగిపోతే, సెన్సర్ చెడిందా లేక నిజంగానే ఇంజిన్ ఆగిందా అన్నది చాలా బళ్లలో ఈసీయూకు వెంటనే తెలియదు. ఇంజిన్ ఆగిందనే అనుకుంటుంది, కోడ్ రాయదు. పైగా పెట్రోలు వృథాగా పోకూడదని పంపును కూడా ఆపేస్తుంది. మెకానిక్ వినలేకపోయిన పంపు శబ్దం వెనక ఉన్న సంగతి ఇది. పంపు తనంతట తాను ఆగలేదు, ఈసీయూ ఆపింది.

కోడ్లు వదిలేసి, స్కానర్ చదివింది ఫోన్‌లో చూపించే టార్క్ యాప్‌లో లైవ్ రీడింగులు రికార్డు చేయడం మొదలుపెట్టాక దారి దొరికింది. అందులోనూ మొదట తప్పు చేశాను. కనిపించినవన్నీ, ఓ పన్నెండు రీడింగులు టిక్ పెట్టాను. నా బండి స్కానర్‌తో కె-లైన్ అనే పాత పద్ధతిలో మాట్లాడుతుంది, దాని వేగం సెకనుకు పది వేల బిట్లకు కాస్త ఎక్కువ, అంతే. పన్నెండు అడిగితే ఒక్కోటీ మారడానికి నాలుగైదు సెకన్లు పడుతోంది. ఆగే క్షణం ఆ సందులో జారిపోతోంది. అన్నీ తీసేసి ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు), స్పీడు, వోల్టేజీ మాత్రం ఉంచాను. అప్పుడు సెకనుకోసారి కదిలాయి.

మే నెలలో ఒక మధ్యాహ్నం విజయవాడ వెళ్తున్నాం. కొర్లపహాడ్ టోల్‌గేట్ దాటాక ఆగింది. నాలుగో గేరులో ఉంది, క్లచ్ తొక్కలేదు. పక్క సీట్లో ఫోన్ పట్టుకున్న మా తమ్ముడు "అన్నయ్యా, స్పీడు 58 ఉంది, ఆర్‌పీఎం సున్నా అంటోంది" అన్నాడు. బండి పక్కకు ఆపాక ఆ రికార్డు ఇద్దరం మళ్లీ మళ్లీ చూశాం. స్పీడు 61, ఆర్‌పీఎం 2,040, వోల్టేజీ 13.9. తర్వాతి వరుసలో స్పీడు 58, ఆర్‌పీఎం 0, వోల్టేజీ 13.8.

గేరులో ఉన్న బండి 58లో పోతుంటే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి, ఆర్‌పీఎం సున్నా కావడానికి వీల్లేదు. వోల్టేజీ 13.8 ఉందంటే ఇంజిన్ తిప్పితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ తిరుగుతోంది, అది తిరుగుతోందంటే క్రాంకూ తిరుగుతోంది. మరి సున్నా అని చెబుతున్నది ఎవరు? ఒక్క సెన్సరే. పెట్రోలు అందక ఆగి ఉంటే బండి వేగంతో పాటు ఆర్‌పీఎం కూడా మెల్లగా దిగేది. రెండు నెలలుగా వెతుకుతున్న జవాబు ఆ రెండు వరుసల్లో దొరికింది. రోడ్డు పక్కన కానుగ చెట్టు కింద నిలబడి ఉన్నా నాకు ఎండ తెలియలేదు.

హైదరాబాద్ తిరిగొచ్చాక సెన్సర్ విప్పించి ఇంటికి తెచ్చుకున్నాను. మా బండిలోది లోపల సన్నటి తీగ చుట్ట ఉండే రకం. మల్టీమీటర్ పెడితే 900 ఓమ్స్ దగ్గర చూపించింది, అంటే బాగున్నట్టే. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ తీసుకుని దాని మీద వేడి గాలి కొట్టాను. అంకె మెల్లగా పైకి పాకింది. వేడికి కొంత పెరగడం మామూలే. మూడు నాలుగు నిమిషాల తర్వాత ఒక్కసారిగా అంకె పోయి, తీగ తెగిందన్నట్టు మీటరు ఖాళీ అయింది. డ్రయ్యర్ ఆపి, టీ తాగి వచ్చి చూస్తే మళ్లీ 900 దగ్గర నిలబడి ఉంది. చల్లారితే అతుక్కునే తెగుడు. కొత్త సెన్సర్ 1,400 రూపాయలు. ఆ తర్వాత బండి అలా వేడికి ఆగింది లేదు.

ఇక స్కానర్‌లో లోపాలు. డబ్బా మీద లోపలి చిప్ పేరు ఈఎల్‌ఎం 327 వెర్షన్ 1.5 అని ఉంటుంది. ఆ చిప్ తయారుచేసిన అసలు కంపెనీ 1.5 అనే వెర్షనే విడుదల చేయలేదు. ఇది నకలు, కొన్ని కమాండ్లకు జవాబివ్వదు. ఇంజిన్ వరకే పనికొస్తుంది, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ సంగతి నా బండిలో చదవలేదు. ఈ రకం ఐఫోన్‌తో కలవదు, దానికి వైఫైది గానీ బీఎల్‌ఈ (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్) రకం గానీ తీసుకోవాలి. సాకెట్‌లో వదిలేస్తే బండి ఆఫ్‌లో ఉన్నా కరెంటు లాగుతూనే ఉంటుంది. పండక్కి ఊరెళ్లి పది రోజుల తర్వాత వచ్చేసరికి నా బ్యాటరీ డౌన్. దిగేటప్పుడు పీకేయడం అలవాటు చేసుకోండి. ఇంకోటి, నడిపే మనిషి ఫోన్ చూడకూడదు. యాప్ దానంతట అదే రికార్డు చేస్తుంది, ఆగాక చూసుకోవచ్చు.

కొనే ముందు స్టీరింగ్ కింద సాకెట్ ఉందో లేదో చేత్తో తడిమి చూడండి. మన దేశంలో కార్లకు ఓబీడీ నియమం 2010 ఏప్రిల్‌లో వచ్చింది, దాని తర్వాతి దశ ఓబీడీ-2 2013 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు బళ్లలో కొన్నిటికి ఉంది, కొన్నిటికి లేదు. కార్బురేటర్ బండికైతే (కంప్యూటర్ లేకుండా పెట్రోలు, గాలి కలిపే పాత రకం) దీనితో పనే లేదు.

2021లో సిగ్నళ్ల దగ్గర మాత్రమే ఆగడం మొదలైంది. ఈసారి ఆర్‌పీఎం 800 నుంచి 600, 400 అని దిగి ఆగింది. సెన్సర్ కాదని చూడగానే తెలిసింది. థ్రోటల్ బాడీలో మసి పేరుకుంది, కడిగిస్తే సరిపోయింది. అంతకు మూడేళ్ల ముందు దండగ అనుకున్న పనే ఈసారి మందైంది.

పోయినేడాది ఇంకో రకం. గతుకు పడితే బండి ఆగుతోంది, దాంతోపాటు స్కానర్ లైటు కూడా ఆరిపోతోంది, యాప్ తెగిపోతోంది. రికార్డులో ఏమీ మిగలట్లేదు. స్కానర్ పోయిందనుకుని కొత్తది ఆర్డర్ పెట్టబోయాను. సూర్యాపేటలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ మొత్తం విని, "అన్నా, ఆ డబ్బాకు కరెంటు సీదా బ్యాటరీ నుంచే వస్తది. అది కూడ ఆరిపోతున్నదంటే ఇంజిన్ల చూసుడెందుకు?" అని బ్యాటరీ నెగటివ్ వైరు బాడీకి బిగించిన బోల్టు విప్పాడు. వాషర్ కింద పచ్చగా చిలుము. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, గ్రీజు రాసి బిగించాడు. 100 రూపాయలు తీసుకున్నాడు. ఆర్డర్ రద్దు చేశాను. అదే నీలం డబ్బా ఇప్పటికీ డ్యాష్‌బోర్డు అరలో ఉంది, దాని పక్కనే ఆ పాత సెన్సర్ కూడా.